గుమ్మాన చరిత్ర.. గుజిరీలో బేరం

నిజామాబాద్/బోధన్: పాత పెంకుటిల్లు కూల్చే రోజున ముందుగా దిగేది పైకప్పు. గూన పెంకులు, వాసాలు, దూలాలు ఒక్కొక్కటిగా నేలకు చేరుతాయి. ఆపై మట్టిగోడలు పడతాయి. చిట్టచివర ఆ దిబ్బల నడుమ నిలువెత్తున మిగిలేది ఒక్కటే.. ఇంటి సింహద్వారం. మూడు తరాల కోడళ్లు పసుపు పూసిన గడప, పెళ్లి పందిళ్లనూ పాడెలనూ చూసిన చౌకట్టు, దాని నెత్తిన తామరపూలూ చిలుకలూ తీగలూ చెక్కిన ఉత్తరాశి. దానినీ గునపాలతో పెకలించి ట్రాక్టరులో వేస్తారు. కొనేవాడు చెక్కడాన్ని చూడడు, కలప కొలత చూస్తాడు. ఘనపుటడుగుల లెక్కన బేరం తెగుతుంది. నిజామాబాద్ పట్టణంలోని పాత వీధుల్లోనూ, బోధన్, వర్ని, కోటగిరి, రెంజల్ పరిసరాల్లోని చెరకు పల్లెల్లోనూ ఈ దృశ్యం ఎవరికీ కొత్త కాదు.

కలపగా చూస్తే అది పాత టేకు. చదవగలిగితే మాత్రం అది ఈ ప్రాంత చరిత్ర. ఇందూరు ఇళ్లకు శాసనాలు లేవు. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో చెప్పే రాతలు చాలా ఇళ్లకు కానరావు. ఆ లోటును కొంతవరకు తీర్చేది ద్వారబంధం మీది చెక్కడమే. కాకతీయుల గుడి వాకిలి, హైదరాబాదు దేవిడీల కమాను, మరాఠా వాడాల స్తంభం, ఇంగ్లీషు బంగ్లాల తలుపు.. ఈ నాలుగూ కలసిన చోటు ఇది. ఒక్కో ఇంటి గుమ్మంలో ఒక్కో పాలు ఎక్కువగా కనిపిస్తుంది.

రాతి నుంచి కర్రకు

డిచ్‌పల్లి గుట్ట మీది ఖిల్లా రామాలయాన్ని చూసినవారికి ఈ కథ మొదలు సులభంగా అర్థమవుతుంది. కాకతీయ శైలి ఆలయాల్లో గర్భగుడి వాకిలిని ఒకే పట్టీగా చెక్కరు. నిలువు కమ్మిని పొడవునా రెండు, మూడు లేదా అంతకన్నా ఎక్కువ పట్టీలుగా విభజిస్తారు. శిల్పశాస్త్రంలో వీటికి శాఖలని పేరు. ఒక శాఖలో లత, మరొక దానిలో పూల వరుస, ఇంకొక దానిలో సన్నని స్తంభం. అడుగున ద్వారపాలకులు లేదా పూర్ణకుంభం, పైన నట్టనడుమ లలాటబింబం. గజలక్ష్మియో, వినాయకుడో అక్కడ కొలువుదీరి ఉంటారు. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రామప్ప గుడిలోనూ ఈ పద్ధతినే చూడవచ్చు.

ఇప్పుడు ఏ పాత ఇంటి దర్వాజ ముందైనా నిలబడి చూస్తే అదే క్రమం కర్రలో కనిపిస్తుంది. నిలువు కమ్మి మీద రెండు మూడు పట్టీలు, ఒక అంచున ముత్యాల వరుస, మరో అంచున తాడు మెలిక, పైన నడుమ గజలక్ష్మి లేదా విచ్చుకున్న తామర. గుడి వాకిలిని చూసిన వడ్రంగి దానిని ఇంటికి తగినట్టు కుదించాడు. ఇంటి గుమ్మానికి ద్వారపాలకులు తగరు కనుక చాలాచోట్ల వారి స్థానంలోకి చిలుకలు, హంసలు వచ్చాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. మన దేశంలో రాతి కట్టడాలు తొలినాళ్లలో కర్ర కట్టడాలను అనుకరించినవే. మహారాష్ట్రలోని కార్లే, భాజా బౌద్ధ గుహల్లో కొండను తొలిచిన చైత్యం పైకప్పుకు కూడా కర్ర వాసాలు బిగించారు. రాతికి ఆ వాసాల అవసరం లేదు. అయినా కళ్లకు అలవాటైన రూపాన్ని వదులుకోలేకపోయారు. అంటే వడ్రంగి నుంచి శిల్పి నేర్చుకున్నాడు, శిల్పి నుంచి మళ్లీ వడ్రంగి నేర్చుకున్నాడు. డిచ్‌పల్లి వాకిలి నుంచి పల్లె దర్వాజకు వచ్చింది అరువు సొమ్మేమీ కాదు, ఒకప్పుడు ఇచ్చిన అప్పు తిరిగి వచ్చిందనుకోవాలి.

గడుల నీడలో

చెక్కడం పనికి పెద్ద పోషకులు గడుల దొరలు, దేశ్‌ముఖులు, సంస్థానాధీశులు. దోమకొండ, సిర్నాపల్లి గడుల పేర్లు వినని వారు ఈ ప్రాంతంలో ఉండరు. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన జానకీబాయి పేరు మీదనే నిజామాబాద్, బోధన్ నడుమ ఉన్న జానకంపేటకు ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఉత్తరాన గోదావరి దాటితే నిర్మల్, ఆదిలాబాద్ టేకు అడవులు. కలపకు కొదవ లేదు.

ఈ వైభవాన్ని తలచుకునేటప్పుడు ఒక చేదు నిజాన్ని పక్కన పెట్టరాదు. నిజాం పాలనలో వెట్టి ఉండేది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలైన వృత్తుల వారు దొర చెప్పిన పనిని కూలి లేకుండానో, నామమాత్రపు కూలికో చేయవలసి వచ్చేది. గడి దర్వాజ మీది ఏనుగు తొండాన్ని అంత నునుపుగా తీర్చిన చేతికి దక్కిందెంతో చెప్పే లెక్క ఎక్కడా లేదు. సాయుధ పోరాట కాలంలోనూ, ఆ తర్వాతి ఉద్యమాల కాలంలోనూ గడులు ప్రజల ఆగ్రహానికి గురి కావడానికి, యజమానులు వాటిని విడిచి పట్టణాలకు తరలిపోవడానికి కారణాలు ఈ గోడల వెనుకనే ఉన్నాయి. ఖాళీ అయిన గడుల్లో ముందుగా మాయమైనవి కూడా తలుపులూ చౌకట్లే.

గడి దర్వాజలో గుడి శైలితో పాటు హైదరాబాదు శైలి కూడా చేరింది. రేకులు రేకులుగా విచ్చుకున్న కమాను, దాని భుజాల మీద పూలగుత్తులు, తలుపు మీద ఇత్తడి బుడిపెలు నగరంలోని దేవిడీలను చూసి తెచ్చుకున్నవే. పడమటి నుంచి వచ్చింది మరాఠా వాడా పద్ధతి. నేటి నాందేడ్ జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. బోధన్ దాటితే మంజీర, ఆవల మరాఠీ పల్లెలు. బంధుత్వాలతో, సంతలతో పాటు పనివారు కూడా అటూ ఇటూ తిరిగారు. కింద ఉబ్బి, పైకి పోనుపోను సన్నబడే సరుగుడు చెట్టు ఆకారపు స్తంభం, దాని తలపై వేలాడే అరటి మొగ్గ వాడాల గుర్తులు. ఆ స్తంభమూ వాడాల సొంతమేమీ కాదు, షాజహాన్ కాలపు మొగలు మందిరాల నుంచి దిగివచ్చింది. బోధన్ వైపు భవంతి ఇళ్లలో నడిమింటి చుట్టూ ఇటువంటి కంబాలు కనిపిస్తే, వాటి వంశవృక్షం ఆగ్రా దాకా పోతుందన్నమాట.

చెరకు తెచ్చిన మార్పు

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు నేలనే కాదు, ఇళ్లనూ మార్చింది. కాలువ నీటితో చెరకు వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒక దశలో ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా దీనికి పేరుండేది. చక్కెరతో పాటు రొక్కం పల్లెలకు చేరింది. అంతవరకు గడికే పరిమితమైన చెక్కడపు దర్వాజ పెద్ద రైతు ఇంటికీ, వర్తకుని ఇంటికీ నడిచి వచ్చింది. పరిమాణం తగ్గింది, పనితనం కొంత పలచబడింది, కానీ సంఖ్య పెరిగింది. ఫ్యాక్టరీ అధికారుల బంగ్లాల చలవతో పలకల తలుపులు, గాజు బిగించిన వెంటిలేటర్లు వాడుకలోకి వచ్చాయి. పైన గజలక్ష్మి, కింద ఇంగ్లీషు పలకల తలుపు! ఈ కలగాపులగాన్ని చూసి కళా పండితులు ముక్కు విరిస్తే విరవవచ్చు గాని, ఇందూరు చేతిపనికి అసలు ముఖం అదే.

ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు చేలు చాలావరకు వరిమడులయ్యాయి. ఇళ్ల నిర్మాణమూ అంతకు ముందే స్లాబులకు మారిపోయింది. నాడు ఇంటి నిండా ఉండిన చెక్కడం నేడు ఒక్క సింహద్వారానికి కుంచించుకుపోయింది. లోపలి గదులకు సిమెంటు చౌకట్లు, ఇనుప చౌకట్లు, గ్రానైటు పలకలు దిగాయి.

చెక్క దేవుడైన తీరు

ద్వారబంధం తయారీ అడవిలో కాదు, కలప ఎంపికలో మొదలవుతుంది. టేకు దుంగలో నడిమి ముదురు భాగం చేవ. అంచున తెల్లగా ఉండేది పురుగు పట్టే భాగం. ఎరిగిన వడ్రంగి కోత మిల్లు దగ్గరనే తెల్ల భాగాన్ని తీసివేయిస్తాడు. ఆపై ఆరబెట్టాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది వడ్రంగంలో పాత లెక్క. నీడలో, గాలి ఆడేలా అడ్డుకర్రల మీద పేర్చి ఉంచేవారు. ఇప్పటి తొందరలో అంత ఓపిక ఎవరికీ లేదు. పచ్చి కలపతో చేసిన చౌకట్టు రెండు ఎండాకాలాలు గడిచేసరికి మూలల్లో నోళ్లు తెరవడానికి కారణం ఇదే.

కమ్ములను బాడిసతో చెక్కి, రందాతో చదును చేసి, మూలమట్టంతో కొలిచి కుసులు తీస్తారు. కుసి అంటే ఒక కమ్మి కొసన వదిలే నాలుక. రెండవ కమ్మిలో దానికి సరిపోయే తొర్ర. రెంటినీ బిగించి అడ్డంగా చెక్క మేకు దిగ్గొడతారు. పాత దర్వాజ కీళ్లలో ఇనుప మేకు కనిపించకపోవడం గమనార్హం. కర్రతో కర్ర కలిసి పెరుగుతుంది, తరుగుతుంది. ఇనుము తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రను తినేస్తుంది.

చెక్కడం ఆ తర్వాతి మాట. కాగితం మీది గీతను కర్రపైకి దించుతారు. ఆరితేరిన వారు సున్నపు గీతతోనే నేరుగా మొదలుపెడతారు. మొదట బొమ్మ చుట్టూ ఉన్న కర్రను లోతుగా తొలగిస్తారు. అప్పటికి చిలుక ఒక బల్లచెక్క మాదిరిగానే ఉంటుంది. తర్వాత గుండ్రని మొన గల గోరు ఉలితో మెడకు, పొట్టకు ఒంపు తెస్తారు. చివరగా సన్నని ఉలితో ఈకలు, కన్ను. కన్నును ఆఖరున పెట్టడంలో వాడుకే కాదు, జాగ్రత్త కూడా ఉంది. అంతవరకు చేసిన పొరపాటును సరిదిద్దుకోవచ్చు, కన్ను తప్పితే బొమ్మే తప్పుతుంది.

టేకులో సహజంగా ఉండే నూనె చెదలను దూరం పెడుతుంది. అదే టేకులో ఉండే ఇసుక వంటి సిలికా ఉలి పదునును ఇట్టే తినేస్తుంది. అందుకే చెక్కేవాని పక్కన సానరాయి ఎప్పుడూ ఉంటుంది. మొద్దు ఉలి కర్రను కోయదు, చీలుస్తుంది. పాత పని మీద ఇన్నేళ్ల తర్వాత కూడా ఆకుల అంచులు తేటగా నిలిచి ఉన్నాయంటే ఆ ఘనత చేతిదెంతో సానరాయిదీ అంతే.

చెక్కడం ఎక్కువగా పైభాగంలోనే ఎందుకుంటుందన్న సందేహం కొందరికి రావచ్చు. గుమ్మం అడుగు భాగానికి వాన చినుకు తగులుతుంది, పశువుల ఒళ్లు రాసుకుంటుంది, ధాన్యపు బస్తా తగులుతుంది. లోతైన చెక్కడం అక్కడ నిలవదు. నీరు నిలిచి కుళ్లుతుంది కూడా. అందుకే కింద కుంభం వంటి నిండు ఆకారాలు, పైన సున్నితమైన తీగలు. గడప ఎత్తుగా, గుమ్మం పొట్టిగా ఉండటంలోనూ ఇటువంటి తెలివే ఉంది. వరదనీరూ పురుగూపుట్రా లోనికి రావు, వచ్చిన మనిషి తల వంచక తప్పదు.

పని పూర్తయ్యాక గరుకు కాగితంతో రుద్ది అవిసె నూనె పట్టిస్తారు, లేదా స్పిరిటులో లక్క కరిగించి పాలిష్ పెడతారు. ద్వారబంధం నిలబెట్టే రోజు ఇంటికి పండుగే. గడప కింద నవధాన్యాలు, నాణేలు వేస్తారు. మామిడి తోరణం కట్టి, కొబ్బరికాయ కొట్టి, వడ్రంగికి బట్టలు పెట్టి దక్షిణ ఇస్తారు. ఆ క్షణం నుంచి అది కలప కాదు, లక్ష్మి.

న్యూయార్కు కిటికీలో అహ్మదాబాదు

పాత శైలిని ఎరిగి కొత్త ఇంటికి చెక్కించుకోవడమనే ముచ్చట మనకే పరిమితం కాదు. లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే అమెరికన్ చిత్రకారుడు 1881లో అహ్మదాబాదు వచ్చి, అక్కడి ఇళ్ల కర్ర చెక్కడాలను చూసి ముగ్ధుడయ్యాడు. మగన్‌భాయి హఠీసింగ్ అనే వర్తకునితో కలసి కర్ర చెక్కడపు సంస్థను స్థాపించాడు. సిద్ది సయ్యద్ మసీదు రాతి జాలీ వంటి పాత నమూనాలను కర్రలో దించి అమెరికాకు పంపించారు. న్యూయార్కులో ఆయన 1887లో కట్టుకున్న ఇంటి ముఖం మీద టేకుతో చెక్కిన కిటికీ మేడ ఇప్పటికీ ఉంది. ఎండకు, మంచుకు ఓర్చి అది నిలబడి ఉంది.

తమిళనాడులోని కారైకుడి కథ మరో రకం. అక్కడి చెట్టినాడు మేడలు కూలినప్పుడల్లా బర్మా టేకు స్తంభాలు, తలుపులు పాత సామాను దుకాణాలకు చేరి, నగరాల్లోని హోటళ్లకూ కొత్త బంగళాలకూ పోతున్నాయి. వస్తువు బతుకుతోంది, కానీ ఏ ఊరిదో, ఎవరి ఇంటిదో చెప్పే ఆధారం చెరిగిపోతోంది. ఇందూరు దర్వాజకు ఆ పాటి గిరాకీ కూడా లేదు. ఇక్కడ చాలాసార్లు అది ముక్కలై మంచంకోళ్లుగానో, బల్లలుగానో మారుతోంది.

యంత్రానికి చిక్కని మూల

సీఎన్‌సీ యంత్రం రాకతో చెక్కడం రూపు మారింది. కంప్యూటరులో బొమ్మ ఎక్కిస్తే తిరిగే మొన కర్రను తొలుచుకుంటూ పోతుంది. రోజుల పని గంటల్లో ముగుస్తుంది, ధర తగ్గుతుంది. మధ్యతరగతి ఇంటికి కూడా చెక్కిన తలుపు అందిందంటే అది యంత్రం పుణ్యమే. దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. చేతిపని అని చెప్పి యంత్రపు పనిని అంటగట్టడమే తప్పు.

రెండింటికీ తేడాను ఎవరైనా పట్టుకోవచ్చు. యంత్రపు మొన గుండ్రంగా తిరుగుతుంది కనుక లోపలి మూలలు సూదిగా రావు, కొద్దిగా గుండ్రబడతాయి. మామూలు యంత్రం పైనుంచి నిలువుగా దిగుతుంది కనుక రేకు కిందికి, చిలుక ముక్కు కిందికి పోలేదు. వేలు పెట్టి చూస్తే చేతిపనిలో ఆకు వెనుక ఖాళీ తగులుతుంది, యంత్రపు పనిలో గోడ తగులుతుంది. కుడిచిలుక, ఎడమచిలుక అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. మనిషి చెక్కిన జంటలో ఒకదాని మెడ రవ్వంత బిరుసుగా ఉంటుంది. ఇక కలప పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలకపై అచ్చు వేసి, టేకు రంగు పూసిన తలుపులూ అంగళ్లలో ఉన్నాయి. వాటి అడుగు అంచును చూస్తే చాలు, కర్ర ఈనెలు ఉండవు.

నేడు చాలా దుకాణాల్లో యంత్రం తొలిచిన తలుపుకు వడ్రంగి చివరి మెరుగులు మాత్రమే దిద్దుతున్నాడు. మొదటి గీత నుంచి చివరి కన్ను వరకు సొంతంగా చేసే అవకాశం రాని యువకుడికి ఆ విద్య అబ్బదు. అసలు నష్టం ఇదే. కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేల వరకు సాయం, తక్కువ వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. పనిముట్టు దొరుకుతుంది సరే, దానితో చేయవలసిన పనిని ఇచ్చేవారు కావాలి. నిర్మల్ కొయ్యబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పొనికి కర్రతో చేసే ఆ బొమ్మల కళ వేరు, ఈ కళ వేరు. ద్వారబంధాల చెక్కడానికి అటువంటి గుర్తింపు లేదు.

దోమకొండ పాఠం

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు నిజామాబాద్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో భాగమైన దోమకొండ కోట చాలాకాలం శిథిలావస్థలో పడి ఉండేది. దానిని సున్నపు పని వంటి పాత పద్ధతులతోనే పునరుద్ధరించారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో ప్రతిభా పురస్కారం లభించింది. గడులన్నింటికీ అటువంటి భాగ్యం పట్టదు. కానీ పాత పనిని బాగుచేసేందుకు పాత పని తెలిసిన చేతులే కావాలన్న సంగతి అక్కడ రుజువైంది. చెడిన భాగాన్ని మాత్రమే తీసి, అదే జాతి పాత కలపతో అతుకు వేయాలి. కొత్త ముక్కను పాతదిగా నమ్మించేలా చెక్కకుండా, తేడా కొద్దిగా తెలిసేలా ఉంచాలన్నది పరిరక్షణ నిపుణుల సూత్రం.

ఇల్లు కూల్చక తప్పని వారు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ద్వారబంధాన్ని గునపంతో పెకలించకుండా, ముందు చుట్టూ మట్టిని తొలగించి, చెక్క మేకులను వెనుక నుంచి తట్టి కమ్ములను విడదీయాలి. ప్రతి కమ్మికీ సుద్దతో అంకె వేయాలి. విప్పక ముందే ఎదుటి నుంచి, పక్క నుంచి ఫొటోలు తీయాలి. పాత రంగును మంటతో కాల్చి తీస్తే సన్నని అంచులు మాడిపోతాయి, రంగు కరిగించే ద్రావకమే మేలు. కొత్త స్లాబు ఇంటి గోడ మందం తక్కువ కనుక పాత చౌకట్టు ముందుకు పొడుచుకు వస్తుందని కొందరు వెనుకాడుతున్నారు. సింహద్వారం ఉన్న ఒక్క గోడను తొమ్మిది అంగుళాలకు పెంచితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇంటిలో చోటు లేనివారు ఊరి గుడికో, గ్రంథాలయానికో, బడికో ఇవ్వవచ్చు. పట్టణంలోని తిలక్ గార్డెన్ పురావస్తు ప్రదర్శనశాలలో రాతి శిల్పాల పక్కన ఇందూరు దర్వాజలకూ ఒక మూల కేటాయిస్తే బాగుంటుంది. ఇవేవీ కుదరక అమ్మవలసి వచ్చినా, ఊరి పేరు, ఇంటిపేరు, తెలిస్తే చెక్కిన వడ్రంగి పేరు ఒక కాగితం మీద రాసి కమ్మి వెనుక అంటించడానికి రూపాయి ఖర్చు కాదు.